తివాచీ లోతు

ఇంటి యజమానురాలు చెప్పులు గుమ్మంలో విడిచి, హాలు మధ్యకి నడిచి, కుడికాలి బొటనవేలితో తివాచీని ఎదురు దిశలో ఒక్కసారి గీరింది. ముదురు ఎరుపు నూలు అడుగునుంచి తెల్లటి వెంట్రుకల ఉండ ఒకటి పైకి లేచింది. ఆమె వంగి దాన్ని రెండు వేళ్ళతో తీసి, అద్దెకున్నావిడ అరచేతిలో పెట్టింది.

"ఇది ఒక్కచోట" అంది.

ఆమె గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే ఎదురు చెప్పడానికి వీలుండేది. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు కుక్క మాట లేదని, గోడ నుంచి గోడ దాకా మేకులు కొట్టి పరిచిన తివాచీని ఎత్తి దులపడం కుదరదని, వచ్చే ఆదివారం పది గంటలకి మళ్ళీ వస్తానని చెప్పింది. ఆ రోజు ఇలాగే వెంట్రుకలు లేస్తే సాయంత్రానికల్లా కుక్క ఇంట్లో ఉండకూడదు. కుక్కని పంపలేకపోతే మనుషులే వెళ్ళవచ్చు. చెప్పులు తొడుక్కుంటూ ఆమె మరోసారి లోపలికి చూసింది. ఆ చూపు మంచం కిందికి వెళ్ళింది. అక్కడ ఆ కుక్క, దూది, తన తెల్లటి తోకను దాచుకోలేక ముక్కు మాత్రం దాచుకుని పడుకుని ఉంది.

అరచేతిలో ఉండతో అలాగే నిలబడిపోయిన ఆవిడని ఫ్యాక్టరీలో అందరూ భూతద్దం అంటారు. కుట్టిన చొక్కాలు పెట్టెల్లోకి వెళ్ళేముందు ఒక్కొక్కటీ తిప్పి చూసి, తప్పు కనిపించిన చోట ఎర్రబాణం స్టిక్కరు అంటించడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. బస్సు కండక్టరైన మొగుడు ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ పేరు విని ఇంటికి మోసుకొచ్చాడు. నాలుగు నెలల కిందట కుక్కతో సహా వచ్చిన అత్తగారికి అది బాగా నచ్చి, ఎదురుగానే పిలవడం మొదలుపెట్టింది. కోడలు కోపం తెచ్చుకోలేదు. తక్కెడ కింద చెయ్యి పెట్టి చూశాకే కూరలు కొనే మనిషికి ఆ పేరు తిట్టులా వినపడదు.

"నన్ను కూడా దాంతోపాటే పంపించెయ్యమను" అంది అత్తగారు మంచం మీదనుంచి. "నాకూ జుట్టు రాలుతోందిగా."

నవ్వించడానికే అంది గాని, ఆ మధ్యాహ్నమంతా ఆవిడ రబ్బరు తొడుగు తడిపి చేతికి వేసుకుని, తుంటి నొప్పి పంటి బిగువున పట్టి, చాప మీద జరుగుతూ తివాచీని రాస్తూనే ఉంది. తడి రబ్బరుకి వెంట్రుకలు చుట్టుకుని వస్తాయి. సాయంత్రానికి మంచమంత జాగా శుభ్రమైంది. ఇంట్లో అలాంటి మంచాలు ముప్ఫై పైనే పడతాయి. దూది వచ్చి ఆ శుభ్రమైన చోటే ఒళ్ళు దులుపుకుని పడుకుంది.

దుమ్ము లాగే మిషను కొనాలి, తప్పదు. జీతంలో సగానికి మించకూడదు. అదీ లెక్క.

*

సోమవారం భూతద్దం ఒక పూట సెలవు పెట్టి బజారులో పెద్ద ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళింది. వాక్యూమ్ క్లీనర్లు వెనక మూల, వాషింగ్ మెషీన్ల పక్కన ఉన్నాయి. ఆమె నేరుగా అక్కడికి పోలేదు. ఒక ఫ్రిజ్ వెనక నిలబడి పది నిమిషాలు చూసింది.

కౌంటరులో ఒక సన్నటి పిల్ల ఉంది. షాపు వాళ్ళిచ్చిన నీలం కోటు చేతులు పొడుగై రెండు మడతలు పైకి మడుచుకుంది. కొత్తగా పెళ్ళయిన జంట ముందు చిన్న తివాచీ ముక్క పరిచి, దాని మీద తెల్ల పొడి చల్లి, మెరిసే మిషనుతో ఒక్క గీత గీసింది. పొడి మాయమైంది. ఆ జంట ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పైన పడున్న పొడి ఊదినా పోతుంది, అనుకుంది భూతద్దం. జంట వెళ్ళాక ఫ్రిజ్ వెనకనుంచి వచ్చి, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని దూది వెంట్రుకల్ని తివాచీ ముక్క మీద పోసింది. చెప్పు మడమతో తొక్కింది. చాలదన్నట్టు కూర్చుని బొటనవేలితో నూలు మొదళ్ళలోకి నొక్కింది. లేచి చేతులు దులుపుకుని, ఇప్పుడు లాగమంది.

ఆ పిల్ల చేతిలోని మెరిసే మిషన్ని పక్కన పెట్టేసింది.

"దీంతో రాదండీ."

తర్వాత ఆ పిల్ల కొన్ని ప్రశ్నలు వేసింది. మీ తివాచీలో గోరు మునుగుతుందా, వేలి కణుపు మునుగుతుందా? కుక్క వెంట్రుకలు పొట్టివా, పొడుగువా? తివాచీ ఎత్తి దులిపేదా, మేకులు కొట్టిందా? జవాబులన్నీ విని, నేల మీద కూర్చుని, అట్టడుగు అరలోంచి ఒక బూడిదరంగు మిషను బయటికి లాగింది. దాని మీద బొమ్మ లేదు, మెరుపు లేదు. తిరగేసి మూతి చూపించింది. మూతిలో కుచ్చులున్న రోలరు బ్రష్ ఉంది. స్విచ్ వెయ్యగానే అది గిర్రున తిరిగి నూలు పాయల్ని విడదీస్తూ ముందుకి కదిలింది. మొదటిసారి సగం వెంట్రుకలు వచ్చాయి. ఆ పిల్ల మిషన్ని అడ్డం తిప్పి, మరింత నెమ్మదిగా రెండోసారి లాగింది. భూతద్దం వంగి వేలితో ఎదురు గీరి చూసింది. ఏమీ లేవలేదు.

పెట్టె మీద పెద్ద అంకెలు చూసి మోసపోవద్దని, ఆ అంకె మిషను ఎంత కరెంటు తాగుతుందో చెబుతుంది గాని ఎంత దుమ్ము లాగుతుందో చెప్పదని ఆ పిల్ల వివరించింది. లోపల దుమ్ము సంచి ఉన్న మిషనైతే కుక్క ఉన్న ఇంట్లో నెలనెలా సంచులు కొనలేక చస్తారంది. వారానికోసారి బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో కత్తిరించుకుంటే చాలంది. ధర చూస్తే పైన మెరిసేవాటిలో సగం కూడా లేదు.

కళ్ళముందు అంత బాగా పనిచెయ్యడమే భూతద్దానికి నచ్చలేదు. ఇంత మంచిదైతే కింది అరలో ఎందుకుంది? ఇంత చవక ఎందుకైంది? ఫ్యాక్టరీలో తప్పులున్న సరుకుకి, సెకండ్స్ మూటకే, అందరికన్నా నున్నగా ఇస్త్రీ చేస్తారని ఆమెకి తెలుసు.

"ఇది ఎన్నాళ్ళనుంచి ఉంది ఇక్కడ?"

"రెండేళ్ళు."

"ఎవరూ కొనలేదా?"

"ఎవరూ అడగలేదు. మేమూ చూపించం."

"మరి నాకెందుకు చూపిస్తున్నావు?"

ఆ పిల్ల రోలరుకి చుట్టుకున్న వెంట్రుక ఒకటి లాగేసింది. "మీరు వెంట్రుకలు తెచ్చుకున్నారు కాబట్టి."

ఆ జవాబు భూతద్దానికి మరీ తేలిగ్గా అనిపించింది. తేలిగ్గా వచ్చే జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నదై ఉంటుంది. ఆమె ఆలోచించుకుని వస్తానని చెప్పి, అద్దాల గదిలో ఉన్న మేనేజరు దగ్గరికి వెళ్ళింది. అమ్ముడుపోని రెండేళ్ళ సరుకుని మీ కౌంటరు పిల్ల నాకు అంటగట్టాలని చూస్తోంది, అందులో ఆ పిల్లకి ఏం ముడుతుందో కనుక్కోండి అని చెప్పింది. మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత చిన్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మనిషి చెప్పింది రాసుకునే పద్ధతిగలవాడని ఆమెకి అతని మీద గురి కుదిరింది.

అతనే స్వయంగా కౌంటరుకి వచ్చాడు. అట్టపెట్టె మీద కుక్క బొమ్మ ఉన్న మిషను దించాడు. జీతంలో సగానికి సరిగ్గా సరిపోయే ధర. విప్పి వెంట్రుకల మీద నడిపి చూపించమని ఆమె అడిగింది.

"చూపిస్తాను, కానీ సీలు విప్పితే మీరే తీసుకోరు. మీలాంటి జాగ్రత్తపరులు విప్పిన పెట్టె పట్టుకెళ్తారా మేడమ్?" అన్నాడు.

ఆమె సీలు నొక్కి చూసింది. తయారైన తేదీ చూసింది. నంబరూ గ్యారంటీ కార్డు మీది నంబరూ ఒకటేనా అని అంకె అంకె పోల్చింది. గ్యారంటీ షరతుల్లో మొదటి పేజీ చదివి, కార్డు మీద అడ్రసు రాసి, అడిగిన చోట సంతకం పెట్టింది. ఇంత చూసిందే గాని, మిషను మూతి అడుగున ఏముందో చూడలేదు. ఆ పిల్ల కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడింది. ఒకసారి ఏదో చెప్పబోయి, మేనేజరు తల తిప్పగానే ఆగిపోయింది. ఆ ఆగడాన్ని కూడా భూతద్దం తప్పు దొరికిన వాళ్ళ మౌనంగానే లెక్కేసుకుంది.

*

మంగళవారం సాయంత్రం మిషను విప్పారు. రొట్టెపొడి పోయింది, మట్టి పోయింది, కండక్టరు జేబులోంచి రాలిన టికెట్టు ముక్కలు పోయాయి. వెంట్రుకలు మాత్రం కదల్లేదు. మిషను పెద్ద బస్సులా హోరెత్తుతూ నూలు మీదుగా జారిపోతోంది.

"పైపైన ముద్దు పెట్టుకుని పోతోంది" అంది అత్తగారు.

భూతద్దం ఆపి, మూతి తిరగేసి చూసింది. నున్నటి ప్లాస్టిక్కు, అంచున ఒక మఖమలు పట్టీ. బ్రష్ లేదు. ఆమె చాలాసేపు ఆ పట్టీని వేలితో రాస్తూ కూర్చుంది. మొగుడు, ఖరీదు పెట్టాం గదా, నాలుగుసార్లు తోమితే అదే వస్తుందిలే అన్నాడు. నాలుగుసార్లు తోమింది. ఎనిమిదిసార్లు తోమింది. తర్వాత బొటనవేలితో ఎదురు గీరింది. తెల్లటి ఉండ లేచింది.

బుధవారం షిఫ్టు దిగి షాపుకి వెళితే, సీలు విప్పిన సరుకు వాపసు తీసుకోవడం కుదరదని మేనేజరు అంతే తియ్యగా చెప్పాడు. గ్యారంటీ రెండో పేజీలో ఉందని, కింద మీ సంతకమే ఉందని చూపించాడు. ఆమె వెనక మూలకి నడిచింది. కౌంటరులో ఎవరో కొత్త కుర్రాడు తెల్ల పొడి చల్లుతున్నాడు. నీలం కోటు అతనికి సరిపోయింది.

బిల్లులు కొట్టే ఆవిడని అడిగింది, ఆ పిల్లకి ఈ రోజు సెలవా అని. ఆవిడ అద్దాల గదివైపు చూసి, కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుని చెప్పింది. సోమవారం సాయంత్రమే పంపించేశారట. పాత సరుకు అంటగడుతోందని కస్టమరు కంప్లైంటు. ఇప్పుడు వెనక సందులో వాళ్ళ పెదనాన్న రిపేరు కొట్టులో కూర్చుంటోందట.

ఒక్క మాటకే ఎవరైనా ఉద్యోగం తీసేస్తారా? ఇంకా చాలా కంప్లైంట్లు ఉండి ఉంటాయి, అనుకుంది భూతద్దం. అదే పైకి అడిగింది.

"ఒక్కటే" అంది బిల్లుల ఆవిడ. "మీదే అనుకుంటాను. కుక్క వెంట్రుకలు తెచ్చినావిడ అన్నారు."

ఆ సాయంత్రం ఆమె వెనక సందులోకి పోలేదు. ఇంటికి వెళ్ళిపోయింది. గురువారం ఉదయం పనిబల్ల ముందు కూర్చుని, ఒక చొక్కా కాలరు కింద దారం రెండు కుట్లు దాటిపోవడం చూసింది. ఎర్రబాణం తీసి పట్టుకుంది గాని వెంటనే అంటించలేదు. ప్రతి చొక్కాకీ లోపల కుట్టినవాళ్ళ నంబరు ఉంటుంది. బాణం పడితే ఆ నంబరు గలావిడ సూపర్‌వైజరు ముందు నిలబడాలి. బాణం నిజంగా అవసరమా అని ఇన్నేళ్ళలో ఎవరూ భూతద్దాన్ని అడగలేదు, ఆమె మాట అంత గట్టిది. మళ్ళీ చూసింది. తప్పు ఉంది. అంటించింది. తప్పు కనిపించకుండా ఆమె ఎన్నడూ బాణం అంటించలేదు. సోమవారం తప్ప.

*

వెనక సందులో కొట్టు అంటే ఒక షట్టరు, దాని లోపల రెండు మంచాల వెడల్పు చోటు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, రెక్కలు లేని ఫ్యాన్లు గోడ దాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలో పెద్దాయన ఒకాయన టంకం పెడుతున్నాడు. ఆ పిల్ల గడప దగ్గర కూర్చుని ఒక మోటారుని పళ్ళు తోమే బ్రష్‌తో శుభ్రం చేస్తోంది. గురువారం సాయంత్రం మిషన్ని మోసుకుంటూ వచ్చినావిడని చూసి, చేతిలో పని ఆపలేదు.

"ఇప్పుడు దేనిమీద కంప్లైంటు?"

దారిపొడుగునా భూతద్దం కొన్ని మాటలు కూర్చుకుంది. అవి ఆ ప్రశ్నకి జవాబుగా సరిపోలేదు. ఉన్న మాటే చెప్పింది. "ఇది పనిచెయ్యట్లేదు."

"పనిచేస్తుంది. మీ పనికి పనికిరాదు, అంతే."

కొట్టు చుట్టూ చూస్తే కుక్క బొమ్మ, పిల్లి బొమ్మ ఉన్న మిషన్లు మరో మూడు కనిపించాయి. షాపులో అమ్మేవన్నీ ఏడాదికల్లా ఇక్కడికే వస్తాయని, సాయంత్రాలు పెదనాన్న పక్కన కూర్చుని వాటి పొట్టలు కోసి చూడబట్టే తనకి ఏది దేనికి పనికొస్తుందో తెలిసిందని ఆ పిల్ల ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. భూతద్దం ఆదివారం గురించి చెప్పింది. ఇంటావిడ గురించి, అత్తగారి తుంటి గురించి, మంచం కింద ముక్కు దాచుకున్న కుక్క గురించి చెప్పింది. ఆ పిల్ల వింటోందో లేదో తెలియలేదు.

పెద్దాయనకి చెవులు మందం. ఆయన ఏమీ వినకుండానే మిషను మూతి తిరగేసి చూసి, నాలుక చప్పరించి, గోనెసంచిలో చెయ్యి పెట్టి కెలికి ఒక పాత మూతి బయటికి తీశాడు. లోపల రోలరు బ్రష్ ఉంది. దాని పక్కన చిన్న రెక్కల చక్రం ఉంది. వేరే మోటారు అక్కర్లేదు, మిషను లాగే గాలికే చక్రం తిరిగి బ్రష్ని తిప్పుతుంది. ఆ పిల్ల దాన్ని గొట్టానికి పెట్టి చూసింది. వదులుగా ఊగింది. కొలతకి రింగు ఒకటి చేయించాలి, బెల్టు మార్చాలి, శనివారం సాయంత్రం రమ్మంది.

"ఇక్కడే పెట్టి వెళ్ళాలా?"

"మరి కొలత మీరు తీసుకుంటారా?"

"చీటీ ఏమైనా..."

"చీటీలిచ్చే కొట్టు కాదు. నమ్మకం లేకపోతే పట్టుకెళ్ళండి."

భూతద్దం మిషను, గొట్టం, రెండు కడ్డీలు, మూతి అని పైకే లెక్కపెట్టి, అన్నీ గడప లోపలికి జరిపి వెళ్ళిపోయింది. సందు చివరిదాకా వెళ్ళింది. నంబరు ఉన్న గ్యారంటీ కార్డు మిషను సంచిలోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, వంగి, మిషను అడుగున ఉన్న నంబరుని బస్సు టికెట్టు వెనక రాసుకుంది. తల ఎత్తేసరికి ఆ పిల్ల తననే చూస్తోంది.

"సరిగ్గా రాసుకున్నారా? చివర ఎనిమిదో, మూడో చూసుకోండి. అక్కడ కొంచెం చెరిగింది."

శుక్రవారం ఇంట్లో మాటలు తక్కువ. విషయం తెలిసి మొగుడు అన్నం ముందు చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "నువ్వు ఉద్యోగం ఊడగొట్టిన పిల్ల చేతికే మిషను ఇచ్చొచ్చావా? అదీ చీటీ లేకుండా?" అన్నాడు. అత్తగారు మాత్రం, అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నువ్వు పుట్టావు, ఈ ఒక్కసారి నమ్మి చూద్దువులే అంది. అంటూనే మంచం కిందనుంచి తన పెట్టె లాగి, చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అప్పటికే కూతురికి ఫోన్ చేసి అడిగింది. అమ్మకి చోటుంది గాని కుక్కకి లేదందట. దూరాన ఒక స్నేహితురాలుంది, ఆవిడ ఇద్దర్నీ రమ్మంది. ఆ మాట అత్తగారు ఎంత మామూలుగా చెప్పిందంటే, కోడలు లేచి రబ్బరు తొడుగు తడుపుకోవడానికి వెళ్ళింది.

శనివారం సాయంత్రం రిపేరు కొట్టు షట్టరు దించి ఉంది.

పక్కన తాళంచెవులు చేసే మనిషిని అడిగితే, మధ్యాహ్నమే ఇద్దరూ ఒక మూట పట్టుకుని వెళ్ళారన్నాడు. ఎక్కడికో తెలియదు. ఆ మూట ఎంత ఉందని అడిగింది భూతద్దం. అతను చేతులు చాచి చూపించాడు. సరిగ్గా మిషనంత. ఆమె తాళం పట్టుకుని లాగి చూసింది. షట్టరు కింద సందులోంచి లోపలికి చూసింది. చీకటి. సంచిలో బస్సు టికెట్టు ఉంది, దాని మీద నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏమని చెప్పాలి? మళ్ళీ అదే పిల్ల మీద ఇంకో కంప్లైంటా?

ఆ పిల్ల మిషను ఎత్తుకుపోయినా తప్పులేదు, అనుకుంది నడుస్తూ. పది అడుగులు వెయ్యకముందే, తప్పు లేకపోవడమేమిటి, జీతంలో సగం, అనుకుంది. ఇంటికొచ్చేదాకా ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి. ఇంట్లో ముగ్గురూ తివాచీ మీద కూర్చుని తలో తొడుగు వేసుకుని రాశారు. హాలు సగమైంది. కండక్టరు నడుం పట్టుకుని లేచి, పొద్దున నేనే ఆవిడతో మాట్లాడతాను అన్నాడు. మాట్లాడడానికి ఏముందో అతనికీ తెలియదు.

*

ఆదివారం ఎనిమిదింటికి తలుపు తట్టిన చప్పుడైంది. ఇంటి యజమానురాలు ముందే వచ్చేసిందనుకుని అత్తగారు కుక్కని ఒళ్ళోకి లాక్కుంది. భూతద్దం తలుపు తీసింది. ఆ పిల్ల భుజాన దుప్పటిలో కట్టిన మూటతో నిలబడి ఉంది. కళ్ళ కింద నిద్రలేదు.

ఆ కొలతకి రింగు దగ్గర్లో ఎవరూ చెయ్యలేదంది. ఊరికి ఆ చివర లేత్ మిషను మీద రింగులు కోసే మనిషి ఉంటే పెదనాన్నని తీసుకుని వెళ్ళిందట. అతను తీరుబడిగా చేసి ఇచ్చేసరికి చీకటి పడిందట. అడ్రసు గ్యారంటీ కార్డు మీద ఉంది. మా కొట్టులో తివాచీ లేదు, బ్రష్ సరిగ్గా తిరుగుతుందో లేదో ఇక్కడే చూడాలి అని లోపలికొచ్చి దుప్పటి విప్పింది.

భూతద్దం కళ్ళు ముందు మిషను అడుక్కే పోయాయి. ఆపుకుందామనుకునేలోపే పోయాయి. ఆ పిల్ల మిషన్ని పక్కకి వాల్చి, నంబరు కనపడేలా ఒక క్షణం పట్టుకుని, మళ్ళీ నిలబెట్టింది.

"నెమ్మదిగా లాగాలి. తొందరపడితే గాలి చాలదు, బ్రష్ ఆగిపోతుంది" అని చెప్పి మొదలుపెట్టింది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. కొత్త మూతి గరగరమంటూ నూలుని విడదీసుకుంటూ పోతుంటే, వెనక తివాచీ ముదురు రంగుకి తిరుగుతోంది. నాలుగు నెలలుగా అది ఆ రంగని ఎవరికీ గుర్తులేదు. డబ్బా నిండితే కండక్టరు బయట పారబోసి వచ్చాడు. నాలుగోసారి పారబోయబోతుంటే అత్తగారు ఆపి చూసి, ఇంకో కుక్క తయారయ్యేట్టుంది దీంతో అంది. రెండుసార్లు బ్రష్ బిగుసుకుపోయింది. ఆ పిల్ల మూతి తిరగేసి, చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో పొడుగునా కోసి, ఒలిచి పక్కన పెట్టింది. మూడోసారి భూతద్దమే చేసింది. దూది కాసేపు మొరిగి, మిషను తన జోలికి రాదని తేల్చుకుని, దాని వెనకే నడవసాగింది. అత్తగారు మెడ పట్టుకుని మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

పది కొట్టేసరికి రెండో గది ఆఖరి మూల మిగిలింది. యజమానురాలు చెప్పులు విడిచి లోపలికొచ్చింది. హాల్లో గీరింది. కిటికీ కింద గీరింది. గదిలో తలుపు వెనక, అందరూ మరిచిపోయే చోట, గీరింది. ఏమీ లేవలేదు. ఆఖరి మూలకి వెళ్ళి కాలు ఆడించింది. మూడు వెంట్రుకలు లేచాయి. ఆమె వాటిని తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఈ చివర మీరు వచ్చేసరికి అవలేదండీ. ఇప్పుడు చూడండి" అంది ఆ పిల్ల. స్విచ్ వేసి, ఆవిడ కాలి పక్కనుంచే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగింది. ఆపింది. యజమానురాలు మళ్ళీ గీరింది. ఇంకోసారి, ఈసారి గట్టిగా గీరింది. చేతిలోని మూడు వెంట్రుకల్ని ఆ పిల్ల తెరిచి పట్టుకున్న డబ్బాలో వేసి, నెలకోసారి వచ్చి చూస్తానని చెప్పి చెప్పులు తొడుక్కుంది. వెళుతూ వెళుతూ, చెవులు వెనక్కి వేసుకుని చూస్తున్న దూదిని ఒకసారి చూసి వెళ్ళింది.

అత్తగారు పెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ అలమరలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల వైరు చుట్టి కట్టింది. భూతద్దం డబ్బు తెస్తే, రింగుకీ బెల్టుకీ అయినంత తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చింది. మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, అప్పుడు అడిగింది.

"నాకొక కాగితం రాసివ్వండి."

ఈ వారంలో వేరే రెండు షాపులకి వెళ్ళిందట. రెండు చోట్లా పాత మేనేజరుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. కస్టమర్లని మోసం చేస్తుందని అతను చెప్పాడు. ఆ పాత షాపులోకి మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఆ పిల్లకి లేదు. కానీ ఇంకోచోట అడిగినప్పుడు చూపించడానికి, ఫిర్యాదు చేసిన కస్టమరే రాసిన కాగితం ఒకటి ఉండాలి.

భూతద్దం ఇంట్లో పాత నోటుపుస్తకమో, మొగుడి డ్యూటీ పుస్తకమో వెతకలేదు. ఫ్యాక్టరీలో రిపోర్టులు రాసే తెల్లకాగితాలు తన సంచిలో ఉంటే ఒకటి తీసి, బల్ల ముందు కూర్చుని, గుండ్రటి అక్షరాలతో రాసింది. సోమవారం నేను షాపుకి వెళ్ళినప్పుడు ఈ అమ్మాయి నా అవసరం అడిగి తెలుసుకుని, తక్కువ ధరలో సరైన మిషను చూపించింది. ఈమె చెప్పినదంతా నిజం. నేను తెలియక ఈమె మీద ఫిర్యాదు చేశాను. దానివల్ల ఈమె ఉద్యోగం పోయింది. ఇందులో ఈమె తప్పు ఏమీ లేదు. కింద సంతకం చేసింది.

ఆ పిల్ల కాగితం తీసుకుని నిలబడే చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఒక చోట వేలు పెట్టి, కాగితాన్ని బల్ల మీద తిప్పి ఆమె ముందుకి జరిపింది.

"'తెలియక' అని రాశారు. ఆ మాట కొట్టెయ్యండి."

"తెలియకే కదమ్మా..."

"నేను మీకు చేసి చూపించాను. మీ కళ్ళ ముందే వచ్చాయి వెంట్రుకలు. మీరు వేలుపెట్టి గీరి కూడా చూశారు."

అత్తగారు అలమర తలుపు పట్టుకుని అటే తిరిగి ఉండిపోయింది. కండక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. భూతద్దం కాగితం మీద ఆ మాటనే చూస్తూ కూర్చుంది. పంతొమ్మిదేళ్ళుగా ఎదుటివాళ్ళ కుట్లు చూసిన కళ్ళు అవి. ఆ పిల్ల వేలు పెట్టిన చోట తప్పు ఉంది.

ఆమె కలం తీసి ఆ మాటని అడ్డంగా కొట్టేసింది. దాని పైన, ఉన్న కొంచెం జాగాలో, 'తెలిసి కూడా అనుమానంతో' అని రాసింది. అక్షరాలు గుండ్రంగా రాలేదు.

ఆ పిల్ల వంగి చదివింది. తల ఊపలేదు, నవ్వలేదు.

"తేదీ వెయ్యలేదు" అంది.

భూతద్దం తేదీ వేసింది.